మిర్జా సాహెబ్ దగ్గర లేని లెక్కపుస్తకం

నవలలో ఒక ముస్లిం పాత్ర తారసపడగానే పాఠకులలో రెండు వర్గాలు బయలుదేరుతాయి. ఒక వర్గం మనవారిది. ఇతడు మన పరువు నిలబెట్టాడా, తీశాడా అన్నదే వారి విచారణ. రెండవ వర్గంలో బయటివారు ఎక్కువ. ఇతడు మంచి ముస్లిమా, కాదా అన్నది వారి పరీక్ష. ప్రేమ్‌చంద్ 1936లో వెలువరించిన 'గోదాన్' నవలలోని మిర్జా ఖుర్షేద్ ఈ రెండు వర్గాల మధ్య ఇన్నేళ్లుగా నలుగుతున్నాడు. హిందీ పరీక్షలకు ఆ నవలను చదివిన మా తరంవారు హోరీని గుర్తుంచుకున్నారు, ధనియాను గుర్తుంచుకున్నారు. మిర్జాను అడిగితే 'ఆ తాగుబోతు సాహెబా?' అని నవ్వి ఊరుకుంటారు. చిన్న పాత్ర, నిజమే. అయినా నిజామాబాదు, బోధన్ ప్రాంతాల పాఠకులు ఆ పాత్రను అలా నవ్వి వదిలేయడం తగదని మా వాదన.

కారణం చెరుకు. గోదాన్‌లో పల్లె కథ బేలారీలో నడుస్తుంది, పట్నం కథ లక్నోలో నడుస్తుంది. ఆ పట్నం కథకు ఇరుసు ఒక చక్కెర మిల్లు. దాని అధిపతి ఖన్నా. ఆ మిల్లు కార్మికుల సంఘానికి అధ్యక్షుడు మన మిర్జా ఖుర్షేద్. నవల వెలువడిన మరుసటి ఏడాది, 1937లో, మంజీరా నీటి మీద, నిజాంసాగర్ కాలువల మీద ఆశలు పెట్టుకొని బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం స్థాపించబడింది. శక్కర్‌నగర్ అనే పేరే ఆ కర్మాగారం వల్ల పుట్టింది. ప్రేమ్‌చంద్ బోధన్‌ను దృష్టిలో పెట్టుకొని రాయలేదు. కాని చెరుకు బండి వెనుక నడిచినవాడికీ, మిల్లు గేటు ముందు నిలబడినవాడికీ ఆ పుటలు చదువుతుంటే లక్నో పరాయి ఊరుగా తోచదు.

ముందు మనిషిని పరిచయం చేసుకుందాం. మిర్జా బస్రాలో గుత్తేదారుగా లక్షలు గడించినవాడు. ఒక దొరసానితో వ్యవహారం వ్యాజ్యం దాకా వెళ్లి, ఇరవై నాలుగు గంటలలో దేశం విడిచిపోవలసి వచ్చింది. మిగిలిన యాభై వేలను బొంబాయి ఏజెంట్లు కాజేశారు. లక్నోకు వస్తుండగా రైలులో ఒక మహాత్ముడు ఆయన గడియారాన్నీ ఉంగరాలనూ కూడా ఊడ్చుకుపోయాడు. కట్టుబట్టలతో దిగినవాడు స్నేహితుల సాయంతో చెప్పుల దుకాణం పెట్టి, దాన్ని ఆ ఊరిలోకెల్లా బాగా సాగే దుకాణంగా నిలబెట్టాడు. రెండుసార్లు హజ్ చేసి వచ్చాడు. మద్యమూ బాగానే సేవిస్తాడు. కౌన్సిల్ సభ్యుడు. సభలో కునికిపాట్లు పడుతూ, ఓటు వేళకు ఉలిక్కిపడి లేచి జాతీయవాదుల పక్షాన ఓటు వేస్తాడు. నవ్వించేవాడు, నవ్వేవాడు, రేపటి చింత లేనివాడు.

ఇక వివాదం. మనవారికి ఆ మద్యం కంటగింపు. హాజీని తాగుబోతుగా చూపడం అవమానమని కొందరు పెద్దలు మాతో వాదించారు. బయటి విమర్శకులలో అనేకులకు అదే మద్యం యోగ్యతాపత్రం. ఈయన ఛాందసుడు కాడు, ఉదారుడు, సెక్యులర్ అని వారు మురిసిపోతారు. ఈ రెండవ అభిప్రాయం మీద మాకు కోపం ఎక్కువ. నమాజు చదివి, రోజా ఉండి, మద్యం ముట్టని ముస్లిం ఉదారుడు కాలేడా? పొరుగువాని హక్కు కోసం లాఠీదెబ్బ తినలేడా? దీన్‌ను ఎంత వదులుకుంటే అంత మంచివాడన్న కొలబద్ద మా ఖౌమ్ మీద తప్ప మరెవరి మీదా ప్రయోగించరు. ఖన్నా పూజ చేస్తాడా లేదా అని అడిగి అతని మంచిచెడ్డలు తేల్చిన విమర్శకుణ్ణి మేమింతవరకు చూడలేదు. అతణ్ణి కార్మికుడి కూలిని బట్టే తూచారు. మిర్జాను కూడా ఆ తక్కెడలోనే తూచండి, మాకేమీ అభ్యంతరం లేదు. తాగుడు హరామ్. దాని లెక్క ఆయనకూ అల్లాహ్‌కూ మధ్య తేలుతుంది. మేము అడగబోయేది వేరే లెక్క.

దానికి ముందు ఆయనకు చెల్లవలసిన గౌరవం చెల్లించాలి. ఒక విషయాన్ని విమర్శకులు దాదాపు గమనించరు. మిర్జా కౌన్సిల్‌కు ఎన్నికైనది ఒక పెద్ద ముస్లిం తాలూక్‌దారును ఓడించి. ఆ రోజులలో ముస్లిం స్థానాలకు ముస్లిం ఓటర్లే ఓటు వేసేవారు. అంటే ఆ ఓటర్లు తమ జమీందారును పక్కన పెట్టి, దివాలా తీసి వచ్చి చెప్పులు అమ్ముకుంటున్న మనిషిని నమ్మారు. ముస్లింలు ఎప్పుడూ నవాబుల వెంట గుడ్డిగా నడుస్తారన్న నిందకు ఆ ఒక్క వాక్యంలో ప్రేమ్‌చంద్ సమాధానం ఇచ్చాడు. నవాబు పేరు చెప్పి మమ్మల్ని దెప్పేవారు మా జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు. 'మీ నిజాం ఫ్యాక్టరీ' అంటారు. పేరు నిజాందే. బాయిలరు దగ్గర కాలినవాడు, కాటా దగ్గర రాత్రంతా నిద్రలేక నిలబడినవాడు, చెరుకు పిప్పి మోసినవాడు మాత్రం అన్ని మతాలవాడూను. ఆ కర్మాగారపు ఫిట్టరు అయిన ముస్లింకు నిజాం వంశంతో ఉన్న చుట్టరికం, అక్కడే పనిచేసిన మాల, మాదిగ, మున్నూరు కాపు కార్మికులకు ఉన్నంతే.

రెండవ గౌరవం ఇంకా పెద్దది. చక్కెర మీద ప్రభుత్వం పన్ను వేసింది. నవలలో ఇది బడ్జెట్ వార్తగా వస్తుంది. నిజ చరిత్రలో కూడా 1932లో చక్కెర పరిశ్రమకు దిగుమతుల నుండి రక్షణ కల్పించి, 1934లో ఎక్సైజు సుంకం విధించారు. ఖన్నా వంటివారికి ఆ సుంకం సాకు అయింది. పన్ను వల్ల ఐదు పోతే కూలి కోత వల్ల పది వచ్చే ఏర్పాటు అది. కార్మికులు సమ్మెకు దిగారు. సంఘానికి అధ్యక్షుడు మిర్జా, మంత్రి 'బిజలీ' పత్రిక సంపాదకుడు పండిత ఓంకారనాథ్. సగం కూలికైనా వస్తామనే ఆకలిగొన్నవారు గేటు దగ్గర గుంపుగా ఉన్నారు. కొట్లాట జరిగింది. మొదటి తాకిడికే ఓంకారనాథ్ పరుగు లంకించుకున్నాడు. నిప్పులు కురిసే సంపాదకీయాలు రాసిన కలం అది! (మా సంపాదకులు మన్నింతురు గాక.) మిర్జా నిలబడ్డాడు, దెబ్బలు తిన్నాడు. ఆస్తి, హోదా, కౌన్సిల్ కుర్చీ ఉన్న మనిషి కూలివాని పక్కన నిలబడి దెబ్బ తినడం ఏ కాలంలోనైనా అరుదు. ఆ నిలబడటానికి మేము లేచి నిలబడి సలాం చేస్తాం.

కాని కథ అక్కడితో ఆగదు. మిర్జాను కాపాడబోయి గోబర్ ఘోరంగా గాయపడ్డాడు. మిర్జా కసరత్తు చేసిన దేహం కలవాడు, కర్ర తిప్పడం తెలిసినవాడు కనుక పెద్ద దెబ్బ తన మీద పడకుండా కాచుకున్నాడు. గోబర్ పల్లెటూరివాడు. దెబ్బ కొట్టడమే తెలుసు, కాచుకోవడం తెలియదు. హోరీ కొడుకు మంచం పట్టాడు. అతనికి అన్నం ఎలా వచ్చిందో నవల చదివినవారికి తెలుసు. భార్య ఝునియా గడ్డి కోసి అమ్మి పోషించింది. పొరుగున ఉన్న చుహియా అనే పేదరాలు అండగా నిలిచింది. సంఘం నుండి పైసా వచ్చినట్టు ప్రేమ్‌చంద్ రాయలేదు. సమ్మె నిధి ఉన్నట్టు రాయలేదు. ఎన్నాళ్లు నిలబడగలం, కొత్తవారు వస్తే ఏమి చేద్దాం అని మిర్జా ఒక్క సాయంత్రమైనా కూర్చుని లెక్క వేసినట్టు రాయలేదు. సమ్మె విఫలమైంది. తక్కువ కూలికి కొత్తవారు పనిలో చేరారు. మేము అడుగుతున్న లెక్క ఇదే.

ఈ లోపం సమ్మెనాడు పుట్టింది కాదు. ఆయన స్వభావంలోనే ఉంది. వేట ఘట్టంలో మిర్జా ఒక జింకను కొడతాడు. దాన్ని మోసుకువచ్చిన కట్టెలవాడికే ఇచ్చేసి, వాడి ఊరికి పోయి, ఊరివారితో కలిసి ఆడి పాడతాడు. చదువుతుంటే ప్రాణం లేచి వస్తుంది. వెంట ఉన్న తంఖా వంటి దళారికి ఆ మనిషి ఎన్నటికీ అర్థం కాడు.

కబడ్డీ ఘట్టం అలా కాదు. మాకు ఆ ఘట్టం చదివినప్పుడల్లా మనసు రెండుగా చీలుతుంది. పట్నంలో పని కోసం తెల్లవారకముందే వచ్చి నిలబడిన కూలీలను మిర్జా పిలుచుకుపోతాడు. మట్టి తవ్వాలేమో, రాళ్లు మోయాలేమో అనుకుంటూ వస్తారు వాళ్లు. తీరా చూస్తే కబడ్డీ ఆడమంటాడు. అందులోనూ ముసలివారిని ఏరి ఆడిస్తాడు. రోజు కూలి ఇస్తాడు. నడుం వంగినవారు చిన్నతనం గుర్తు తెచ్చుకొని చెంగున గంతులు వేస్తారు. ఆ కాసేపు వారి ముఖాలలో వెలిగిన ఆనందం అబద్ధం కాదు. ఇచ్చినవాడికి గర్వం లేదు, తీసుకున్నవాడికి చిన్నతనం లేదు. అయితే చుట్టూ చూడండి. టికెట్లు కొన్న పట్నం పెద్దలు కుర్చీలలో కూర్చుని, ఆకలిగొన్న ముసలివారు పడుతూ లేస్తూ ఉంటే చూసి నవ్వుతున్నారు. మరునాడు? మరునాడు ఆ ముసలివాళ్లు మళ్లీ అదే కూలీల అడ్డాలో నిలబడతారు. మిర్జా గారికి ఆ రోజు మనసు పుడితే పిలుస్తారు, పుట్టకపోతే లేదు. గోబర్‌కు ఆయన కొలువిచ్చాడు, ఉండటానికి గది ఇచ్చాడు, అదీ అటువంటి మనసు పుట్టుకే. తర్వాత గోబర్ తినుబండారాలు అమ్ముకొని నాలుగు డబ్బులు కూడబెట్టుకున్నాక, తాగుడుకు చేబదులు కోసం మిర్జాయే అతని ముందు చేయి చాచాడు. గోబర్ లేదని అబద్ధం చెప్పాడు. ఆ అబద్ధానికి గోబర్‌ను తిట్టేవారు ఉన్నారు. మేము తిట్టలేము. హక్కు పత్రం లేని చోట కృతజ్ఞత ఎంతకాలం నిలుస్తుంది?

మన దీన్ ఈ రెండింటికీ తేడా చెప్పింది. సదఖా మనసు పుట్టినప్పుడు ఇచ్చేది. జకాత్ అలా కాదు. దానికి నిసాబ్ ఉంది, సంవత్సరం గడువు ఉంది, రెండున్నర శాతమన్న నిష్కర్ష ఉంది, ఎవరెవరికి చెందాలో ఎనిమిది వర్గాల నిర్ణయం ఉంది. ధనవంతుని సొమ్ములో అది పేదవాని హక్కు. పేదవాడు దానికి సలాం కొట్టనక్కరలేదు. మిర్జా రెండు హజ్‌లు చేశాడు. జకాత్ లెక్క కట్టాడా లేదా అన్నది ప్రేమ్‌చంద్ చెప్పలేదు. మా అనుమానం, కట్టి ఉండడు. ఆయన అణా అణా పంచిపెట్టేవాడే గాని కూర్చుని లెక్క కట్టేవాడు కాడు. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరి చేసి పదవీ విరమణ పొందినవాళ్లకు ప్రపంచమంతా రిజిస్టరుగానే కనిపిస్తుందని మిత్రులు మమ్మల్ని వేళాకోళం చేస్తారు. చేయనివ్వండి.

ఎందుకంటే మిర్జాలు మా ఊళ్లలో చాలామంది ఉన్నారు. నిజామాబాదులో బీడీలు చుట్టే ఒక సోదరి సంగతి చెబుతాం. ఇరవై ఏళ్లకు పైగా చుట్టింది, ప్రావిడెంట్ ఫండ్ కోతలు పడ్డాయి. వేళ్లు మొద్దుబారి పని మానుకున్నాక పింఛనుకు వెళితే కుదరదన్నారు. పాస్‌బుక్కులో ఆమె పేరు చివర 'బీ' ఉంది, ఆధార్‌లో 'బేగం' ఉంది. పుట్టిన సంవత్సరం కూడా రెంటిలో రెండు విధాలు. ఆమె తన వాడకట్టులోని ఒక నాయకుని దగ్గరకు వెళ్లింది. ఆయన మంచివాడు. కథంతా విని కళ్లనీళ్లు పెట్టుకొని, జేబులోంచి ఐదు వందలు తీసి చేతిలో పెట్టి, 'వెళ్లి రా అమ్మీ, అల్లాహ్ ఉన్నాడు' అన్నాడు. రంజాను వచ్చినప్పుడు కిట్టు కూడా ఇప్పించాడు. ఇలా రెండేళ్లు గడిచాయి. ఆమెకు కావలసింది ఉమ్మడి డిక్లరేషను పత్రం మీద కార్ఖానా యజమాని సంతకం. అది పెట్టించి, ఆధారాలు జత చేసి, ప్రావిడెంట్ ఫండ్ కార్యాలయానికి పంపి, వెంటపడితే పేరు సరి అవుతుంది. పదేళ్ల సర్వీసు దాటినవారికి 1995 పింఛను పథకం కింద నెలనెలా వచ్చేది ఎవరి దయా కాదు. చివరకు పేరు సరి అయింది, పింఛనూ వస్తోంది. మొత్తం చిన్నదే. కాని ఆ రెండేళ్ల పింఛను చేతికి రావలసిన రోజులలో ఆమె చేతిలో పడినది ఆ ఐదు వందలూ, ఒక కిట్టూ. ఆ నాయకుణ్ణి మేము దుర్మార్గుడనము. మిర్జా అంటాము.

ఇక బోధన్. 2002లో నిజాం షుగర్స్‌లో యాభై ఒక్క శాతం వాటా ప్రైవేటు సంస్థ చేతిలోకి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లలో లే ఆఫ్ ప్రకటించారు. 2019లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఉత్తర్వు ఇచ్చింది. తెరిపిస్తామన్న మాట ప్రతి ఎన్నికలలోనూ విన్నాము. చెరుకు రైతు వరికీ సోయాకూ మళ్లాడు. కార్మికుడు ఆటో కొన్నాడు, కాపలాదారుడయ్యాడు, గల్ఫ్ వెళ్లాడు, కొందరు కన్నుమూశారు. ఈ కాలమంతటా బోధన్‌కు వచ్చిన అన్ని రంగుల కండువాల నాయకులూ ధర్నా శిబిరంలో కూర్చున్నారు, గొంతు చించుకున్నారు. కొందరు నిజంగానే నిలబడ్డారు. అయితే దివాలా చట్టం ఏమి చెబుతుందో కార్మికుని ఇంటి గడపకు వెళ్లి చెప్పినవారు ఎందరు? లిక్విడేషన్ మొదలైన తేదీకి ముందటి ఇరవై నాలుగు నెలల వేతన బకాయిలకు ఆ చట్టం హామీ ఉన్న రుణదాతలతో సమానమైన స్థానం ఇచ్చింది. ప్రావిడెంట్ ఫండ్, పింఛను, గ్రాట్యుటీ నిధులను అమ్మకపు సొమ్ములో కలపకుండా వేరుగా ఉంచమంది. కాని క్లెయిము వేయాలి, వేసినదాన్ని రుజువు చేయాలి. గానుగ కాలంలో మాత్రమే పనిచేసిన సీజనల్ కార్మికుడు ఏ ఏడు ఎన్ని రోజులు పనిచేశాడో చూపగల మస్టరు రోలు నకలు ఎవరి దగ్గర ఉంది? వేతన చీటీలు వరదనీటిలో తడిసిపోయిన ఇళ్లు మాకు తెలుసు. సంఘం కార్యాలయంలో ఒక బీరువా, అందులో ప్రతి సభ్యునికీ ఒక ఫైలు ఉండి ఉంటే, ఇప్పుడు వితంతువులు పాత సహోద్యోగుల ఇళ్లు వెతుక్కుంటూ సాక్ష్యం కోసం తిరగవలసిన పని ఉండేది కాదు.

ప్రేమ్‌చంద్‌తో కూడా మాకు ఒక చిన్న తగాదా ఉంది. ఆ మిల్లులో ముస్లిం నాయకుడు కనిపిస్తాడు గాని, ముస్లిం కూలివాడు పేరుతో, ఇంటితో, ఆకలితో కనిపించడు. లక్నో మిల్లులో ముస్లిం కార్మికులు లేరా? మిర్జా ఎంత పెద్ద మనసున్నవాడైనా, పై మెట్టు మీద నుండి దిగివచ్చినవాడే. దిగివచ్చినవాడు తిరిగి పోగలడు. పోయాడు కూడా. సమ్మె ఓడిపోయాక ఆయన దృష్టి మరో వైపు మళ్లింది. పడుపు వృత్తిలో చిక్కుకున్న స్త్రీలతో నాటక సమాజం పెట్టాలన్న ఆలోచనలో పడి, దాని మంచిచెడ్డలు మెహతాతో వాదించాడు. వారిలో అనేకులను ఆ దారి పట్టించింది దిక్కులేనితనమేనని అన్నాడు. ఆ మాట నిజమే, ఆ ఆలోచనా మంచిదే. మరి సమ్మెలో పని పోయినవారి సంగతి? ఆ ప్రశ్న మిర్జాను ప్రేమ్‌చంద్ అడగలేదు. అడగలేదు కనుక మేము అడుగుతున్నాం. మంచివాళ్లను ప్రశ్నించకపోతే ఎవరిని ప్రశ్నిస్తాం? ఖన్నాను ప్రశ్నించి లాభం లేదు, అతని లెక్కలు అతని దగ్గర ఎప్పుడూ సరిగానే ఉంటాయి.

ఇన్ని మాటలన్నాక, నవల చదవనివారు చదవవలసిందిగా కోరుతున్నాం. చదివినవారు మిర్జా పుటలు మరొకసారి తిరగేయండి.

బోధన్, నిజామాబాదు పాఠకులకు ఒక మనవి. నెలలో మొదటి, మూడవ శుక్రవారాలు జుమా నమాజు అయ్యాక మా మొహల్లాలో నలుగురు పెన్షనర్లం చాప వేసుకొని కూర్చుంటున్నాం. మతంతో, సంఘంతో నిమిత్తం లేదు, ఎవరైనా రావచ్చు. రుసుము లేదు. ప్రావిడెంట్ ఫండ్ పాస్‌బుక్కు, ఆధార్, పాత వేతన చీటీ ఒక్కటైనా, పనిలో చేరిన ఏడు తెలిపే కాగితం ఏదైనా ఉంటే వెంట తెచ్చుకోండి. చనిపోయినవారి తరఫున వచ్చేవారు మరణ ధ్రువపత్రం రెండు నకళ్లు తెండి. ఒకటి మా దగ్గర ఫైలులో ఉంటుంది.